నూట పద్దెనిమిదో వంతెన

"లేవండి మావిస్ గారూ. పదింటికి కూల్చడం మొదలుపెట్టాలి," అన్నాడు కౌన్సిల్ ఇంజినీరు క్రిస్పిన్ హార్గుడ్.

మావిస్ లేవలేదు. వంతెన పిట్టగోడ మీద కూర్చుని ఫ్లాస్కులోంచి తాపీగా టీ ఒంపుకుంది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. కాలువలో పడవే ఆమె ఇల్లు. నలభై ఏళ్ళుగా ఈ నూట పద్దెనిమిదో నంబరు ఇటుక వంతెన కిందుగానే రాకపోకలు. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడొచ్చి, రెండు వందల ముప్పై ఏళ్ళుగా నిలబడ్డదానికి కాలం చెల్లిందంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"దీనికేం రోగమొచ్చింది బాబూ?"

"ముసలిదైపోయింది."

"నేనూ ముసలిదాన్నే. నన్నూ కూల్చేస్తావా?"

గట్టు మీద చేరిన ఊరి జనం ఘొల్లున నవ్వారు. హార్గుడ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వులాట కాదండీ. మూడు టన్నులు మించితే ఇది ఆగదని లెక్కకట్టి రాశాను. అందుకే కదా మీ ఊరికి లారీలన్నీ పన్నెండు మైళ్ళు చుట్టు తిరిగి వస్తున్నాయి? కాంక్రీటుతో కొత్తది కడతాం."

"ఎప్పుడైనా బరువు ఎక్కించి చూశావా?"

"చూడక్కర్లేదు. లెక్క ఉంది."

"నీ లెక్క తప్పయితే?"

"తప్పని తేలితే ఇప్పుడే పని ఆపేస్తాను. ఈ కూల్చివేత ఉత్తర్వు మీ చేతికే ఇస్తాను, మీరే చింపేయండి. ఇంతమంది వింటున్నారుగా."

మావిస్ లేచింది. దారికొచ్చిందనుకున్నాడు హార్గుడ్. ఆమె గట్టు దిగి, కట్టు విప్పి, పడవను సరిగ్గా వంతెన కిందికి తోసుకొచ్చి ఆపింది. ఒకప్పుడు పడవలు లాగిన గుర్రాల తాళ్ళు ఒరుసుకుని వంతెన మూల ఇటుకల్లో లోతుగా గాట్లు పడ్డాయి. వాటి మీద చెయ్యి వేసి కూర్చుంది.

"ఏం చేస్తున్నారు మీరు?" హార్గుడ్ పిట్టగోడ మీంచి కిందికి వంగాడు.

"ఆ కూల్చే యంత్రాన్ని లారీతో సహా పైకి ఎక్కించమను. కూలితే నా నెత్తినే కూలుతుంది. నీకు వంతెనా పోతుంది, నా పీడా పోతుంది."

జనం నవ్వు ఆగిపోయింది. మావిస్‌కు భయం లేదంటే అబద్ధమే. అయినా ఇంత హుషారు ఆమెకు ఈమధ్య ఎన్నడూ కలగలేదు.

యంత్రాన్ని మోసుకొచ్చిన లారీ ఊరివైపు, పబ్బు ముందు ఆగి ఉంది. పక్క జిల్లా నుంచి వచ్చిన డ్రైవరు గెథిన్ దానికి ఆనుకుని, బేకన్ పెట్టిన బన్ను తింటున్నాడు.

"మొత్తం బరువెంత నాయనా?" కింద నుంచే కేకేసింది మావిస్.

"ముప్పై రెండు టన్నులమ్మా."

"ఎక్కిస్తావా?"

"వద్దు, ఎక్కించకు," అంటూ అడ్డంగా చేతులు చాపాడు హార్గుడ్.

గెథిన్ వేళ్ళకంటిన సాస్ నాక్కుని, ఇద్దరివంకా అయోమయంగా చూశాడు.

"ఎక్కిస్తానమ్మా, అదెంత పని," అన్నాడు. "పొద్దున ఫోను చూపించిన అడ్డదారిన దీని మీదుగానే కదా వచ్చాను."