సింగారి గుడ్డు

ఒక పెరట్లో సింగారి అనే కోడిపెట్ట ఉండేది. దానికి తిండి దగ్గర మహా పట్టింపు. తెల్లటి నూకలు తప్ప ఇంకేదీ ముట్టేది కాదు. తొలి గుడ్డు పెట్టి, మురిపెంగా పొదగబోయేసరికి అది చితికి, పొట్టంతా సొన అయింది. గుడ్డుకు పెంకే లేదు, పల్చటి పొర ఉందంతే. రెండోదీ అలాగే చితికింది.

"ఎవరి దిష్టో తగిలింది వదినా!" అని సింగారి, బాతు నిదానమ్మ దగ్గర భోరుమంది.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు. పెంకంటే సున్నమే కదా! నూకల్లో అదెక్కడుంది? నత్తగుల్లలు తిను. వాటి సున్నం ఒంట్లో కరిగి గుడ్డుకు పెంకవుతుంది," అంది నిదానమ్మ.

"ఛీ! బురదలో పడున్నవి నేను తినడమా?"

కానీ పిల్లల మీద ఆశ దాన్ని ఊరుకోనివ్వలేదు. మర్నాడు అటూ ఇటూ చూసి, నీటిగుంట దగ్గర కళ్ళు మూసుకుని గుల్లలు మింగసాగింది.

"రుచిగా ఉన్నాయా వదినా?" అంది వెనకనుంచి నిదానమ్మ.

"కాళ్ళు కడుక్కుంటున్నాను," అంది సింగారి, ముక్కున గుల్ల పట్టుకునే.

కొన్నాళ్ళకు రాయిలాంటి గుడ్డు పెట్టింది. పక్కింటి పెట్ట వచ్చి, "ఇంత గట్టి పెంకు ఎలా వచ్చిందమ్మా?" అని నోరు తెరిచింది.

సింగారి మెడ నిక్కించి, "మా వంశమే అంత!" అంది.

నిదానమ్మ నవ్వాపుకోలేక రెక్కలో మూతి దాచుకుంది.