వెనిస్ మీదుగా కాశీయాత్ర

పెళ్ళికొడుకు రోహన్ పావుకోళ్ళు వేసుకుని, గొడుగు పట్టుకుని, మౌంట్ రాస్కిల్ కమ్యూనిటీ హాలు గుమ్మం దాటాడు. ఇది కాశీయాత్ర. సంసారం వద్దు, కాశీకి పోతానని పెళ్ళికొడుకు అలిగి బయల్దేరాలి. పెళ్ళికూతురి తమ్ముడు ఎదురెళ్ళి, నోట్లో బెల్లం ముక్క పెట్టి, గడ్డం పట్టుకు బతిమాలి వెనక్కి తీసుకురావాలి. ఫొటోలతో కలిపినా చిటికెలో అయ్యే పని.

కానీ రోహన్ కాస్త సరదా మనిషి.

"కాశీ చిన్నప్పుడే చూశాను. నేను వెనిస్ పోతున్నా," అన్నాడు.

అందరూ నవ్వారు. పెళ్ళికూతురు సిరి తండ్రి ఈశ్వరరావు కూడా మర్యాదకి నవ్వాడు. బెల్లం ముక్కతో నిలబడ్డ ఆయన కొడుకు భార్గవ్ మాత్రం నవ్వలేదు.

"వెనిస్‌కా? ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి ఎలా వెళ్తారు బావగారూ?" అని అడిగాడు.

అయిపోయింది అనుకున్నాడు ఈశ్వరరావు. నిరుడు ఆఫీసు పని మీద వెనిస్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ, ఆ ఊరి పేరు చెవిన పడితే చాలు, భార్గవ్‌కి పూనకం వస్తుంది. ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ సగంలో వదిలేసి పారిపోయిన సందర్భాలు ఉన్నాయి.

"ట్యాక్సీలో," అన్నాడు రోహన్.

అంతే, భార్గవ్ అందుకున్నాడు. అక్కడ ట్యాక్సీ అంటే పడవేననీ, ఎక్కితే జేబు గుల్లేననీ చెప్పాడు. బస్సు చవకే కానీ ఊరి మొదట్లోనే దింపేస్తుందట. అక్కడినుంచి కాళ్ళయినా ఉండాలి, పడవయినా ఉండాలి.

"అసలు కార్లే తిరగవా?"

"సైకిలు కూడా తిరగదు."

"అయితే పార్కింగ్ బాధ లేదన్నమాట. సిరికి నచ్చుతుంది," అన్నాడు రోహన్, తీరిగ్గా గొడుగు ముడుస్తూ.

ఈశ్వరరావు ముహూర్తానికి ఇంకెంతసేపుందో లెక్క వేసుకున్నాడు. ఈ పెళ్ళికి మొదట్నుంచీ అన్నీ అడ్డంకులే. ముహూర్తం శుక్రవారం పొద్దున పడింది. పంతులుగారు బ్యాంకులో ఐటీ ఉద్యోగి, ఆయనకి ఆఫీసు. సిరికి ఎన్నాళ్ళకో దొరికిన డ్రైవింగ్ టెస్ట్ స్లాట్ కూడా ఆ పూటే. హాలు చూస్తే మధ్యాహ్నం జుంబా క్లాసుకి అప్పగించాలి. పంతులుగారు సెలవు పెట్టారు, సిరి స్లాట్ వదిలేస్తానంది, జుంబా టీచరు అరగంట ఆగుతానంది. ఇంతమందిని ఒప్పించిన తను కన్నకొడుకు నోరు మూయించలేకపోతున్నాడు. ఈ ముహూర్తం దాటితే మూఢం. మళ్ళీ మంచి రోజు ఎప్పటికో.

పంతులుగారు వాచీ చూసుకుని గట్టిగా దగ్గారు.

ఇక సిరి చెబితేనే వాడు వింటాడని ఈశ్వరరావు లోపలికి పరుగెత్తాడు. సిరి గౌరీపూజ చేసుకుంటున్న గది తలుపు మూసి ఉంది. ఆయన భార్య సరోజ తలుపుకి వీపు ఆనించి, మంగళహారతి పాడుతోంది. ఇందాక పాడిన హారతే, ఈసారి ఇంకా పెద్ద గొంతుతో.

"ఒక్క మాట చెప్పాలి, తలుపు తియ్యి," అన్నాడు.

పూజ మధ్యలో తలుపు తియ్యకూడదంది సరోజ. మగవాళ్ళ పని బయటే ఉందని కూడా అంది.

బయట సంగతి మరీ అన్యాయంగా ఉంది. భార్గవ్ చుట్టాలని రెండు వరుసల్లో నిలబెట్టాడు. ఒక వరుస ఈ గట్టు, ఇంకో వరుస ఆ గట్టు, మధ్యలోది కాలువ. రోహన్ పెళ్ళిబట్టల్లో ఊగుతూ కాలువ దాటుతున్నాడు. కాలువ దాటించే చిన్న పడవల్లో నిలబడే వెళ్ళాలట, కూర్చుంటే నవ్వుతారట. ఒకటో నంబరు పడవ ప్రతి రేవులోనూ ఆగుతుందని చెప్పి, భార్గవ్ ఆ రేవులన్నీ వరసపెట్టి చదివాడు. ఎక్కేముందు పాస్ మిషన్‌కి ఆనించకపోతే ఫైన్ తప్పదట. పెళ్ళికొడుకు తల్లి గిరిజ, పడవలో పెరుగన్నం తిననిస్తారా అని అడిగింది. వీడియో అబ్బాయి ఇదంతా శ్రద్ధగా తీస్తున్నాడు.

"మరి సామాన్లో?" అన్నాడు రోహన్. "కాస్త వివరంగా చెప్పు భార్గవ్."

ఈ అల్లుడికి బుద్ధి లేదు, ఆ కొడుక్కి అంతకన్నా లేదు అనుకున్నాడు ఈశ్వరరావు. ఏడుపొచ్చేసింది. ఆచారం పోతే పోనీ అని కాలువకి అడ్డంగా దూకి, తనే అల్లుడి గడ్డం పట్టుకున్నాడు.

"బాబూ, కాశీ వద్దు, వెనిస్ వద్దు. మా అమ్మాయిని చేసుకో నాయనా."

రోహన్ ఆయన భుజం మీదుగా రోడ్డు వైపు చూశాడు.

"తప్పకుండా మామయ్యగారూ. తిరుగు ప్రయాణం ఒక్కటి చెప్పనివ్వండి."

భార్గవ్ తిరుగు ప్రయాణం మొదలుపెట్టాడు. రైల్లో రావచ్చు, కాకపోతే స్టేషన్ మెట్ల దగ్గర... ఇంతలో జేబులో ఫోన్ మోగింది. తీసి చూసుకున్నాడు. వాక్యం పూర్తి చెయ్యకుండానే, అరచేతిలో పాకమైపోయిన బెల్లాన్ని రోహన్ నోట్లో పెట్టేశాడు.

"మా అక్కని చేసుకోండి బావగారూ, రండి," అన్నాడు.

రోహన్ అప్పటికే పావుకోళ్ళు విడిచి హాల్లోకి పరుగందుకున్నాడు. లోపల్నుంచి వినిపిస్తున్న సరోజ హారతి ఠక్కున ఆగిపోయింది. ఏమైందో అర్థంకాక ఈశ్వరరావు వెనక్కి తిరిగాడు.

చిన్న ఎర్ర కారొకటి రివర్స్‌లో వచ్చి పార్కింగ్ గీతల మధ్య ముచ్చటగా ఆగింది, నుదుట బాసికంతో, బుగ్గన చుక్కతో డ్రైవర్ సీట్లోంచి సిరి దిగి, "పాసయ్యాను నాన్నా," అంది.