తొమ్మిదో నంబరు డబ్బా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. నానమ్మ, ఆమె తోడికోడలు పెద్ద నానమ్మ, అందరూ పిల్లికూన అని పిలిచే నోట్లో మాట బయటికి రాని మనవరాలు, ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు. ముసలివాళ్లిద్దరిదీ ఒకటే కంటి జబ్బు. నర్సు చేతిలో సీలు వేసిన కవరు.

“పరిశోధన అయిపోయిందమ్మా. ఎవరికి అసలు చుక్కలిచ్చామో, ఎవరికి ఉత్త ఉప్పునీళ్లిచ్చామో ఇందులో ఉంది.”

“ఉండేదేముంది? మందు అక్కయ్యకే పడింది,” అంది నానమ్మ. “మొదటి వారంలోనే సూదిలో దారం ఎక్కించింది. నాకేమో ఎదురుగా ఉన్న గడప కనిపించి చావదు.”

పిల్లికూన తలుపు వెనక్కి నక్కింది. నానమ్మ తడుముకుంటూ నడవడం చూడలేక, రెండు నెలల కిందట ఇద్దరి చుక్కల డబ్బాల మీది నంబరు చీటీలు ఒలిచి, దీనిది దానికీ దానిది దీనికీ అంటించేసింది.

నర్సు కవరు చించింది. “మందు వచ్చింది మీకేనమ్మా, తొమ్మిదో నంబరు. పెద్దావిడవి ఉప్పునీళ్లు.”

“మరి నాకు కనిపించిందే!” అంది పెద్ద నానమ్మ.

“నమ్మకం అలా అనిపిస్తుందండీ. అసలు మందు చూపు పెంచదు, ఉన్నది పోకుండా ఆపుతుంది. ఈ మందు మళ్లీ రావడానికి ఏడాది పడుతుంది. అందాకా ఆ డబ్బాలో మిగిలినవే జాగ్రత్తగా వాడుకోండి.”

“ఉప్పునీళ్లతో దారం ఎక్కించావా అక్కయ్యా!” నానమ్మ పగలబడి నవ్వింది. పెద్ద నానమ్మ నవ్వలేదు.

నానమ్మ తడుముకుంటూ నర్సును సాగనంపడానికి గేటు దాకా వెళ్లింది. పెద్ద నానమ్మ తన డబ్బా తీసుకుని విసవిసా చెత్తబుట్ట దగ్గరికి వెళ్లింది.

“పారేయకు పెద్ద నానమ్మా! మందు అదే!” వెక్కుతూ చెప్పేసింది పిల్లికూన. “నీకు బాగైందని... నానమ్మకీ బాగవుతుందని... నేనే చీటీలు మార్చాను. రెండు నెలలుగా నానమ్మ వేసుకునేది ఉప్పునీళ్లే. ఇటివ్వు, తన డబ్బా తనకి ఇచ్చేస్తాను.”

పెద్ద నానమ్మ ఆగింది. దగ్గరికొచ్చి, దాని కన్నీళ్లు అరచేత్తో తుడిచింది.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు.”

“నా బంగారు తల్లివి. చెప్పకు.”

పిల్లికూన చెయ్యి చాపింది. పెద్ద నానమ్మ డబ్బా గుండెలకి అదుముకుని తన గదిలోకి వెళ్లి, ఆ చాపిన చెయ్యి ముందే తలుపు వేసుకుంది.