ఇంజిన్ నడుస్తుండగా

"ఆగు బిడ్డా, చెయ్యి తియ్!"

మెకానిక్ ఐలయ్య కేకకు క్యాబ్ నడిపే తబితా ఉలిక్కిపడింది. అమీర్‌పేటలోని అతని షాపు ముందు, ఇంజిన్ నడుస్తుండగానే ఆమె పానాతో బ్యాటరీ వైరు విప్పబోతోంది.

"డైనమో బ్యాటరీని ఛార్జి చేస్తుందో లేదో చూస్తున్న కాకా. పంజాగుట్ట సిగ్నల్ కాడ బండి రెండుసార్లు ఆగింది. వైరు తీసినా ఇంజిన్ నడిస్తే డైనమో మంచిగున్నట్టే గదా?"

"కరెంటు ఒక్కసారే ఎగబాకి లోపల కంప్యూటర్ కాలిపోతది! ఏ తెలివిలేనోడు నేర్పిండు నీకు?"

"నువ్వే కాకా. మా నాయిన అంబాసిడర్ మీద."

పొద్దుటి నుంచి తొమ్మిది బండ్లు చూసిన ఐలయ్య స్టూలు మీద కూలబడ్డాడు. కంప్యూటర్ లేని ఆ పాత బండ్లలో అది చెల్లింది. కొత్తవి వచ్చాక తను మీటరుతో చూడటం మొదలుపెట్టాడు గాని, నేర్పినవాళ్లెవరికీ ఆ మాట చెప్పలేదు.

ఇంజిన్ ఆపించి, ఎర్రగడ్డలో షాపు పెట్టుకున్న శిష్యుడు విజయేందర్‌కు ఫోన్ చేశాడు.

"బ్యాటరీ వైరు తీసి డైనమో చూసుడు నేర్పిన గదా నీకు. అది తప్పు. మానెయ్ రా."



"మానేసి ఐదేండ్లాయె ఉస్తాద్. ఒకాయన కారు కంప్యూటర్ కాల్చిన. ఎవడు నేర్పిండురా నీకని మస్తు తిట్టిండు. నీ పేరు మాత్రం చెప్పలె."