అశోకా రోడ్ ఏజెంటు

"అమ్మా, మీ కారు ఇన్సూరెన్స్ ఈ రాత్రితో అయిపోతోంది."

కారు తలుపు వేస్తున్న కల్పన వెనక్కి తిరిగింది.

అరవై దాటిన మనిషి. శుభ్రమైన తెల్ల చొక్కా, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో భోజనం పార్సిల్ సంచి.

ఆదివారం మధ్యాహ్నం. ఆంధ్రా భోజనం కోసం ఢిల్లీ తెలుగువాళ్ళంతా అశోకా రోడ్డులోని క్యాంటీను ముందు వరస కట్టే వేళ. వసంత్ కుంజ్ నుంచి ట్రాఫిక్‌లో నలిగి, మంచి ఆకలి మీద వచ్చింది కల్పన.

"మీకెట్ల తెలుసు?"

"బండి నంబరు కొడితే ఫోనులో వస్తుందమ్మా. ఎవరిదైనా కనిపిస్తుంది."

కల్పనకు ఒళ్ళు మండింది. నెల్లాళ్ళుగా ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోన్లు చేసి ప్రాణం తోడేస్తున్నారు. ఇప్పుడు ఏకంగా అన్నం దగ్గరికే వచ్చేశారన్నమాట.

"ఏ కంపెనీ ఏజెంటు మీరు?"

"ఏ కంపెనీ కాదమ్మా. మళ్ళీ కట్టారా, లేదా?"

"కట్టలే. కట్టను కూడా. ఐదేండ్లల్ల బండికి ఒక్క గీత పడనియ్యలే, ఒక్క క్లెయిం అడగలే. అయినా రేటు పెంచిన్రు. ఇంకో కంపెనీలో మూడు వేలు తక్కువ. ఒక వారం ఖాళీగా వదిలేస్తే పాత కంపెనోళ్ళే కాళ్ళబేరానికి వస్తరు. అప్పుడు చెప్త వాళ్ళ సంగతి."

ఆయన కంగారుగా ఒక అడుగు ముందుకు వేశాడు.

"కంపెనీ మారండమ్మా, తప్పకుండా మారండి. మూడు వేలు ఎవరికి చేదు? క్లెయిం చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు కూడా మీతోపాటే వస్తుంది. కానీ మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచకండి."

"నా కారు, నా పైసలు. మధ్యల మీకేంది అంకుల్?"

"కారు మీదే. రోడ్డు అందరిదీ కదమ్మా."

వరసలో ఎవరో నవ్వారు. కల్పన ముఖం ఎర్రబడింది. ఆఫీసులో ఇంతమందిని నడిపించే తను, దారిన పోయే ముసలాయన చేత నలుగురిలో మాట పడాలా?

"మీకు కమిషన్ కావాలె, అంతేగా? చూడండి ఇప్పుడు."

అక్కడే కారుకు ఆనుకుని ఫోను తీసింది. మూడు వేలు తక్కువ చెప్పిన కంపెనీకి డబ్బు కట్టేసింది. పాతది ముగిసిన మరుక్షణం నుంచి కొత్తది మొదలు. ఫోను తీసుకెళ్ళి ఆయన ముఖం ముందు పెట్టింది.

"కొనేసిన. నా అంతట నేనే. ఇందుల మీకు రూపాయి కూడా రాదు. ఇప్పుడేమంటరు?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మొత్తం చదివాడు. పార్సిల్ సంచితో సహా రెండు చేతులూ జోడించాడు.

"అమ్మయ్య!"

నోట్లోది లాగేసుకుంటే ఎవరైనా ఇంత సంతోషపడతారా? కల్పనకు కోపం ఇంకా పెరిగింది. గేటు దగ్గరి గార్డును పిలిచి, ఈయన అందరినీ సతాయిస్తున్నాడని చెప్పింది.

"చలో బాబా, చలో," అంటూ గార్డు ఆయన్ని గేటు దాటించాడు.

ఆయన రోడ్డు అవతలికి వెళ్ళి, అక్కడ ఆగి ఉన్న ఇంకో కారు నంబరు ఫోనులో కొట్టసాగాడు.

'మొండిఘటం,' అనుకుంది కల్పన. గెలిచి వచ్చిందేమో, ఆ పూట గోంగూర మరీ రుచిగా ఉంది.

గురువారం బేర్ సరాయ్‌లో పుస్తకాల కొట్టు ముందు కారు ఆపి, వెనక్కి చూడకుండా తలుపు తెరిచింది.

స్కూటర్ మీద వస్తున్న ఒక విద్యార్థిని ఆ తలుపుకు కొట్టుకుని ఎగిరి పడింది. కాలు విరిగింది.

ఆస్పత్రిలో పోలీసు అడిగిన మొదటి మాట, "ఇన్సూరెన్స్ హై?"

"హై," అంది కల్పన. ఆ వారం నిజంగానే ఖాళీ వదిలేసి ఉంటే ఈ పిల్ల కాలికి, చదువుకి తను ఏం సమాధానం చెప్పేది? తల్చుకోవడానికే భయం వేసింది.

ఆదివారం మళ్ళీ అశోకా రోడ్డుకు వెళ్ళింది, భోజనానికి కాదు. ఆయన కాళ్ళ మీద పడైనా సరే క్షమించమని అడగాలనుకుంది.

ఆయన లేడు. ఆయన నిలబడ్డ చోట చంకకర్రల మీద ఒక నడివయసు స్త్రీ నిలబడి, ఫోనులో కార్ల నంబర్లు కొడుతోంది. గార్డు ఆమెను వెళ్ళమంటున్నాడు.

"కదలను. ఏం చేసుకుంటావో చేసుకో!" అంటోంది ఆమె తెలుగులోనే.

భాష రాకపోయినా గార్డుకు సంగతి అర్థమైంది. పక్కకు తప్పుకున్నాడు.

కల్పన దగ్గరికి వెళ్ళింది. "ఇక్కడ ఒక అంకుల్ ఉండేటోరు..."

"జనార్దనరావుగారు. మంగళవారం పోయారండి, గుండెపోటుతో. ఇక నుంచి ఈ పని నాది."

"నేనే ఆయన్ని గేటు బయటికి పంపిచ్చిన. కమిషన్ కోసం వెంటపడుతున్నరనుకున్న."

"అది మీరేనా? పార్సిల్ తెచ్చినప్పుడు నాకు చెప్పారండి, ఒకమ్మాయి నన్ను తిట్టి మరీ పాలసీ కొనేసిందీ అని. ఎంత నవ్వారో! అన్నం చల్లారిపోయినా ఆపలేదు."

"మీ నాన్నగారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"కాదండీ, రేటు తగ్గుతుందని వారం రోజులు ఇన్సూరెన్స్ లేకుండా తిప్పిన కారుతో నన్ను గుద్దింది ఆయనే, ఇల్లు అమ్మి నన్ను మళ్ళీ నిలబెట్టిందీ ఆయనే."