ఊడ్చేవేళ ఆట

"కాళ్ళు కాస్త ఎత్తండి బాబూ" అంది మిసెస్ గెడ్జ్, చీపురు కుర్చీ కిందికి పోనిస్తూ.

పెర్సీ వింటర్ కాళ్ళు ఎత్తాడు. ఎదురుగా తెర మీద ఉన్నదీ అతనే. జానెడు పెట్టుడు గడ్డంతో, శత్రువుల జాడ కోసం ఒక హోటల్లో నక్కి తిరుగుతున్నాడు. ఆ గడ్డం వెనక మనిషి ఈయనేనని మిసెస్ గెడ్జ్‌కి తెలియదు. పెర్సీ చెప్పనూ లేదు. చెప్పుకునేంత సినిమా అయితే కదా! పన్నెండు రోజుల్లో చుట్టేశారు. ఏ రోజు మాటలు ఆ రోజు కాగితం మీద ఎక్కణ్ణుంచో వచ్చేవి. చదివేసి, గడ్డం తీసిచ్చేసి ఇంటికి పోవడమే.

ఇది 1934 మాట. లండన్‌లో ఆ హాలు పెద్దదే. సాయంత్రం అమెరికా సినిమాకి వీధి చివరిదాకా క్యూ ఉంటుంది. ఈ గూఢచారుల హాస్యం మాత్రం ఉదయం తొమ్మిదింటికి, సగం దీపాలు వెలుగుతుండగా, వెయ్యి ఖాళీ కుర్చీల కోసం ఆడుతోంది.

"ఈ వేళప్పుడు వేస్తే ఎవరొస్తారు?" అని సోమవారం నాడే అడిగాడు.

"ఏటా ఇన్ని మన దేశం సినిమాలు వేసి తీరాలని చట్టం ఉందిగా బాబూ. ఏ వేళప్పుడు వెయ్యాలో అందులో లేదట. అందుకని మా మేనేజరుగారు మేం ఊడ్చేటప్పుడు వేసేస్తారు."

"పోనీ మీరైనా చూస్తారా?"

"చూస్తూ కూచుంటే ఊడ్చేదెవరు?"

పెర్సీకి నలభై నాలుగేళ్ళు. పెళ్ళి లేదు. అద్దె గదిలో అతనితో మాట్లాడేది ఇల్లుగలావిడ ఒక్కతే, అదీ స్నానాల గదిలో వేడినీళ్ళు దండగ చేయొద్దని. జేబులో లీడ్స్ నుంచి బావ రాసిన ఉత్తరం ఉంది. 'నా ఇనపసామాన్ల కొట్లో చేరు. శుక్రవారంలోగా జవాబు రాయకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాను. మేకుల కోసమైతే రోజూ జనం వస్తారు' అని ఎత్తిపొడిచాడు. బావ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. పెర్సీ సోమవారమే సరేనని రాసేసేవాడు, ఆ రోజు మూడో వరుసలో నీలం టోపీ పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉండకపోతే.

సినిమాలో ఒకచోట గూఢచారి గడ్డం ఊడి సూపులో పడుతుంది. అతను దాన్ని చెంచాతో పైకి తీసి, "వెయిటర్, నా మారువేషం చల్లారిపోయింది" అంటాడు. ఆ మాటకి నీలం టోపీ ఆవిడ నవ్వింది. ఇరవయ్యేళ్ళ నటనలో తన కోసమని నవ్విన నవ్వు పెర్సీ అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. వెనక వరుసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

మంగళవారం మళ్ళీ వచ్చాడు. ఆవిడా వచ్చింది. బుధవారం గడ్డం ఊడకముందే నవ్వేసింది.

"ఆవిడ రోజూ వస్తుందా?" అని అడిగాడు మిసెస్ గెడ్జ్‌ని.

"మీలాగే. టికెట్ కొనుక్కుని మరీ. వేపకాయంత వెర్రి ఎవరికైనా ఉంటుంది బాబూ, మీ ఇద్దరిదీ గుమ్మడికాయంత. ఆవిడైతే బొమ్మతోపాటు పెదాలు కూడా కదుపుతోంది."

"నచ్చిన సినిమా నోటికి రాదూ?" అన్నాడు పెర్సీ, కాస్త గర్వంగానే.

గురువారం రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. దింపుడుకళ్ళం ఆశేమో అనుకున్నాడు. అయినా ఒక్క మనిషి మనసారా నవ్వింది కదా. ఆ ఒక్కరి కోసం ఇంకో ఇరవయ్యేళ్ళు ఈ ఊళ్ళో పడి ఉండొచ్చు. 'నాకు ఇక్కడ ప్రేక్షకులున్నారు బావా, రాలేను' అని రాశాడు. శుక్రవారం పొద్దున్నే ఉత్తరం ఎర్ర డబ్బాలో పడేసి, తిన్నగా వెళ్ళి మూడో వరుసలో నిలబడ్డాడు.

"ఇక్కడ కూర్చోవచ్చా అండీ?"

"మిగతావన్నీ ఖాళీగానే ఉన్నాయి" అంటూనే ఆవిడ పక్క కుర్చీలోంచి సంచీ తీసింది. "రోజూ వెనకాల కూర్చునేది మీరేగా? అంత నచ్చిందా మీకు?"

"చాలా. మీకో?"

"ప్రాణం" అంది ఆవిడ, తడుముకోకుండా.

తెర మీద గడ్డం సూపులో పడింది. ఇద్దరూ కలిసి నవ్వారు. పెర్సీ ఇక ఆగలేకపోయాడు. టోపీ తీసి, "ఆ గూఢచారిని నేనేనండీ. గడ్డం లేకపోతే ఇలా ఉంటాను" అన్నాడు.

ఆవిడ సంబరపడుతుందనుకున్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది.

"అంటే... ఇన్నాళ్ళూ మీరు వచ్చింది మిమ్మల్ని చూసుకోవడానికా?"

"మొదటి రోజు అంతే. తర్వాత మీ నవ్వు వినడానికి. మీరున్నారన్న ధైర్యంతోనే, వచ్చిన ఉద్యోగం వద్దని ఇప్పుడే ఉత్తరం వేసొచ్చాను."

ఆవిడ సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"నేను నిన్న టైపిస్టు ఉద్యోగం మానేశాను. వెనక వరుసలో ఒకాయన రోజూ వస్తున్నాడన్న ధైర్యంతో."

"నేనొస్తే మీకు ధైర్యమేమిటి?"

"ఈ సినిమా రాసింది నేను."