రేవులో తుమ్ము

ధవళేశ్వరం రేవులో ఫిన్లే దొర పడవలో కాలు పెట్టబోతుండగా, హాకీ ఆటగాళ్ళకు వండిపెట్టే అచ్చాయమ్మ మళ్ళీ తుమ్మింది.

“అపశకునమండి! కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళండి,” అన్నాడు తోటి ఆటగాడు బుల్లియ్య సంబరంగా. ఎప్పుడూ ఓడిపోయే వాళ్ళ జట్టులో గోలు కొట్టేది దొరొక్కడే. తల్లి రమ్మందని ఇంగ్లండు వెళ్ళిపోతున్నాడు.

“మామ్మగారూ, పొడుం పీల్చి తుమ్మితే శకునమేంటండి?” నవ్వాడు దొర.

“తుమ్ము తుమ్మే బాబూ!”

పడవ సరంగు కేక వేశాడు. అచ్చాయమ్మ పొడుం డబ్బీ కోసం తడుముకుంది. లేదు.

ఈసారి తుమ్మింది దొర. డబ్బీ అతని చేతిలో ఉంది.

“కూర్చోవాలి కదండి?” అన్నాడు, కళ్ళనిండా నీళ్ళతో.

అవి పొడుం ఘాటుకు వచ్చినవి కావని అచ్చాయమ్మకు తెలిసింది. డబ్బీ లాక్కుని కొంగున ముడేసింది.

“మంచినీళ్ళు మీ అమ్మ చేత్తో తాగుదువుగాని, ఎక్కు నాయనా,” అని సరంగువైపు తిరిగింది. “ఇక ఎవరు తుమ్మినా పడవ ఆపకయ్యా!”